అష్ట పడితే ఓటమెలా అవుతుంది మాస్టారూ?

(బరంపురంలో ఒక తెలుగు గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో ఆహ్వాన పత్రికతో విసురుకుంటున్న అమ్మలకి, వెనకాల గోడవార ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకి నమస్కారం. మన ఊళ్ళో మైకు పట్టుకున్నవాడెవడైనా ముందొక మాట అని తీరాలి. ఇది వి.వి. గిరి గారు పుట్టిన ఊరు, 1894లో. అనేశాను. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మనం మద్రాసు రాజధానిలోంచి ఇటొచ్చిన సంగతి నా ముందు మాట్లాడిన ఇద్దరూ చెప్పారు కాబట్టి అది వదిలేస్తున్నాను.

నాకిచ్చిన అంశం ‘పిల్లల్లో తెలుగు పఠనాభిరుచి’. మీరు విసురుకుంటున్న కాగితం మీద అచ్చయి ఉంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ అంశం మీద నాకు తెలిసింది రెండు ముక్కల్లో అయిపోతుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. తెలుగు చదవడం రాదు. ఈ బీరువాలు ఎవరికోసం తుడిపిస్తున్నామో వాళ్ళకి అక్షరాలే తెలీవు. అంశం అయిపోయింది. మిగిలిన టైములో నేను ఒక ఆట గురించి మాట్లాడతాను. కార్యదర్శి గారు క్షమించాలి, ఈ సభకి ఒప్పుకున్నదే అందుకు.

ఆటంటే క్రికెట్ కాదు. నలుగురైదుగురు చాప మీద కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు, గేమ్ మాస్టర్ అంటారు, మనం సూత్రధారుడు అనుకుందాం. మిగతావాళ్ళు తలో వేషం. “రాత్రయింది, వాగు పొంగుతోంది, అవతలి ఒడ్డున దీపం కనిపిస్తోంది, ఏం చేస్తారు?” అంటాడు సూత్రధారుడు. వీళ్ళు చెప్తారు. కష్టమైన పనైతే పాచికలు వేస్తారు, పడ్డదాన్నిబట్టి కథ మలుపు తిరుగుతుంది. గెలిచినవాడు, ఓడినవాడు అంటూ ఉండరు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటారు దీన్ని. మనకి కొత్తా? రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రలో మొక్కున్నవాడల్లా వేషం కట్టడం లేదూ? పొద్దున్న ఉల్లిపాయలు తూచిన మనిషే సాయంత్రం ఒంటికి పులిచారలు పూయించుకుని డప్పుకి గంతేస్తుంటే మనం పక్కకి తప్పుకోవడం లేదూ? ఆ క్షణంలో అతన్ని కిలో ఎంత అని అడుగుతామా?

దీన్ని పుస్తకంలో పెట్టి అమ్మింది మాత్రం అమెరికావాళ్ళే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు. బొమ్మ సైనికులతో యుద్ధాలాడుకునే అలవాటున్నవాళ్ళు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని పేరు పెట్టి, మొదట వెయ్యి పెట్టెలు వేశారు. గైగాక్స్ ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం పోయాక కొన్నాళ్ళు ఇంట్లోనే చెప్పులూ బూట్లూ బాగుచేసి బతికాడు. ఈ చెప్పుల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నాకీ పిచ్చి పట్టించినవాడు మా మేనల్లుడు. భువనేశ్వర్‌లో ఇంజనీరింగు. ఒక వేసవి సెలవుల్లో సంచీ నిండా పుస్తకాలు మోసుకొచ్చాడు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్, ఆడేవాళ్ళ పుస్తకమే 320 పేజీలు. అది కాక సూత్రధారుడికొకటి, రాక్షసులకొకటి. “మావయ్యా, నువ్వు లెక్కల మాస్టారివి, నీకిది బాగా నచ్చుతుంది” అన్నాడు. నచ్చింది. చాలా నచ్చింది. తప్పు అక్కడే జరిగింది.

వీధిలో ఆరుగురు పిల్లల్ని పోగేశాను. అందులో నేతవాళ్ళ వీధి పిల్ల ఒకతి, ఏడో తరగతి. ఒక్కొక్కరికీ క్యారెక్టర్ షీటు ఇచ్చాం. బలం, చురుకు, ఓర్పు అని ఆరు గుణాలు, వాటికి అంకెలు, ఆ అంకెలకి మళ్ళీ కూడికల అంకెలు, కింద పద్దెనిమిది నైపుణ్యాలు. అంతా ఇంగ్లీషు. షీటు నింపడానికే గంటన్నర పట్టింది. ఆ పిల్ల వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. టార్చి వెలుగులో ఇరవై ముఖాల పాచిక వేసింది. నాలుగు. “తగల్లేదు, తర్వాత ఎవరు?” అన్నాను. అంతే. మళ్ళీ ఆమె వంతు నలభై నిమిషాలకి వచ్చింది. ఏడు. “తగల్లేదు.” సాయంత్రమంతా ఆ పిల్ల చేసింది రెండుసార్లు పాచిక వెయ్యడం, రెండుసార్లు నాచేత లేదనిపించుకోవడం.

తర్వాతి ఆదివారం రాలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మగ్గం దగ్గర నుంచి లేవకుండానే, “ఏటే, మాస్టారొచ్చారు” అని కేకేసింది. పిల్ల గుమ్మం దాకా వచ్చి నా మొహం చూడకుండా, “అది ఆట కాదు మాస్టారూ, పరీచ్ఛ” అంది.

ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టినవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఆ ఎండాకాలమంతా వేరే నియమావళుల మీద పడ్డాను. ఈ లోకంలో ఆటకి ఒక్కటే రూలు పుస్తకం అని నేను అనుకున్నాను, కాదట. 1977లో ట్రావెలర్ అని వచ్చింది. మొదటి రోజుల్లో దాని రూల్సు ప్రకారం మన వేషం తయారుచేసుకుంటుండగానే, ఆట మొదలవకముందే, ఆ మనిషి చచ్చిపోవచ్చు! మా పిల్లలకి అది విన్నప్పటి నుంచీ నవ్వే నవ్వు. 1986లో గర్ప్స్ అని ఒకటి. అందులో గుణాలన్నీ పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి, కుంటికాలో కోపిష్టితనమో ఒప్పుకుంటే కొన్ని పాయింట్లు తిరిగిస్తారు. సంతలో బేరంలాగే. మూడు పాచికలు వేస్తారు. లెక్కల మాస్టారికి ఇది పండగ. వినండి, ఒక్క నిమిషం. ఇరవై ముఖాల పాచికలో ఏ అంకె పడే అవకాశమైనా నూటికి 5. నిన్న కత్తి పట్టినవాడికీ ఇరవై పడొచ్చు, పండిపోయిన యోధుడికీ ఒకటి పడొచ్చు. మూడు మామూలు పాచికలైతే 216 రకాలుగా పడతాయి, పది వచ్చేవి 27 రకాలు, మూడు వచ్చేది ఒకే ఒక్క రకం. అంటే మనిషి చాలాసార్లు తన మామూలు స్థాయిలోనే ఉంటాడు, అద్భుతమూ అవమానమూ ఎప్పుడో గాని రావు. నాకిది జీవితానికి దగ్గరగా అనిపించింది. పిల్లలకి అనిపించలేదు, కూడికలు ఎక్కువయ్యాయి.

1981 నాటి కాల్ ఆఫ్ క్తుల్హులో అన్నీ శాతాలే. తాళం తీయడం నీకు నూటికి 45 వచ్చు అంటే 45 గాని అంతకు తక్కువ గాని పడాలి, అంతే సంగతి. ఏడో తరగతిలో నేను ఏడాదంతా చెప్పిన శాతాలు వాళ్ళకి ఆ ఒక్క సాయంత్రం అర్థమయ్యాయి. ఇక్కడ టీచర్లెవరైనా ఉంటే ఇది రాసుకోండి.

చివరికి దొరికింది 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్. కథ మన పిల్లలకి పనికొచ్చేది కాదు, రూలు మాత్రం పనికొచ్చింది. రెండు పాచికలు. పది గాని, ఆ పైన గాని పడితే పని అయింది. ఆరు, ఆ లోపు పడితే చిక్కొచ్చి పడుతుంది. మధ్యలో ఏడు నుంచి తొమ్మిది, అసలు కిటుకంతా అక్కడుంది: పని అవుతుంది, కానీ ఏదో ఒకటి చెల్లించాలి. ముప్పై ఆరులో పదిహేను సార్లు ఇదే పడుతుంది. ‘తగల్లేదు, తర్వాత ఎవరు’ అనే మాట ఈ ఆటలో లేదు. ఏం పడ్డా కథ ముందుకే.

పాచికలు అనగానే గుర్తొచ్చింది. మేం కూర్చోడానికి చోటు కావాలని ఊళ్ళో ఒక హాలు వాళ్ళని అడిగాను. పేరు చెప్పను, మీకు తెలుసు. పిల్లల చేత పాచికలాడిస్తున్నానని, పందెం అనే మాట వినబడుతోందని, ‘జూదానికి ఇవ్వం’ అన్నారు. నన్ను. పదవీ విరమణ నాడు శాలువా కప్పిన మనుషులే. అయ్యా, పైసా పెట్టని ఆట జూదమెలా అవుతుంది? కుమార పూర్ణిమ రాత్రి ఈ ఊళ్ళో పేక గాని పాచికలు గాని పడని ఇల్లు ఏదో చూపించండి. అదే హాల్లో దీపావళికి తెల్లవారేదాకా ఏం జరుగుతుందో నన్ను చెప్పమంటారా? వద్దు, కార్యదర్శి గారు కళ్ళతో వద్దంటున్నారు. అమెరికాలోనూ 1980ల్లో ఈ ఆటాడితే పిల్లలు దయ్యాల పాలవుతారని గోల చేశారట. మనవాళ్ళు దయ్యాల దాకా పోలేదు, ధర్మరాజు దగ్గర ఆగారు. అందుకు సంతోషించాలి.

సరే, పాచికలే కదా అభ్యంతరం. మా అత్తగారిని గవ్వలడిగాను. అష్టాచెమ్మా గవ్వలు, నాలుగు, అరిగి అరిగి పాలపళ్ళలా ఉంటాయి. లెక్క వేసుకున్నాను. నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడతాయి. రెండు వెల్లకిలా పడేవి ఆరు. మూడో నాలుగో పడేవి అయిదు. ఒకటో సున్నో పడేవి అయిదు. అయిదు, ఆరు, అయిదు! బేకర్ దంపతులు రెండు పాచికలతో చేసింది మా అత్తగారి కొంగుముడిలో ఉంది. గవ్వలు నాణాల్లా సగం సగం పడవనుకోండి, పిల్లల చేత నూరుసార్లు వేయించి గీతలు గీయించాను, కొంచెం అటూ ఇటూ ఉంది, ఫర్వాలేదు.

నేతవాళ్ళ పిల్లని మళ్ళీ పిలిచాను. పుస్తకం లేదని ఒట్టేశాక వచ్చింది. మొదటి పందేనికే నాలుగూ బోర్లా పడ్డాయి. “అయ్యో, చిక్కొచ్చింది” అన్నాను. పిల్ల లేచి నిలబడింది. “నాలుగూ బోర్లాపడితే అష్ట కదా! ఎనిమిది! అన్నిటికన్నా పెద్ద పందెం. అష్ట పడితే ఓటమెలా అవుతుంది మాస్టారూ?” వంటింట్లోంచి మా అత్తగారు, “గుంట చెప్పింది నిజమే. నువ్వే తప్పు” అన్నారు. ఇద్దరూ కలిసి నా లెక్క చెడగొట్టారు. అప్పటి నుంచి మా రూలు: అష్ట పడితే ఎవరూ ఊహించని మేలు జరగాలి. పదహారింట ఒకసారి. ఆ ఒక్కసారి కోసం వాళ్ళు గవ్వలు గుప్పిట్లో ఎంతసేపు గలగలలాడిస్తారో చూడాలి మీరు.

ఇప్పుడు చెప్పుల సంగతి. మా కథ ఠాకురాణి యాత్ర రోజుల్లో నడుస్తోంది. పులివేషగాడి తలకట్టు ఎవరో ఎత్తుకుపోయారు, తెల్లారేలోగా వెతకాలి. ఈ పిల్ల ఒక గోదాము కిటికీలోంచి దూరాలి. గవ్వలు వేసింది, పాత దినపత్రిక మీద టపటపా పడ్డాయి, రెండు వెల్లకిల. “దూరావు. కానీ ఏదో పోతుంది. ఏం పోయిందో నువ్వే చెప్పు” అన్నాను. మిగతా పిల్లలు ‘డబ్బు’, ‘కత్తి’ అని అందిస్తున్నారు. ఆమె చాలాసేపు ఆలోచించి, “చెప్పులు” అంది. “కొత్తవి. మా అమ్మకి చెప్పకుండా ఏసుకొచ్చాను. ఇయ్యేళ మా అమ్మ నన్ను సంపేస్తాది.”

అయ్యా, మూడు ఆదివారాలు కథ ఆ చెప్పుల చుట్టూ తిరిగింది. తలకట్టు సంగతి అందరూ మరిచిపోయారు. చైత్రమాసపు ఎండలో తారు రోడ్డు మీద ఉత్తికాళ్ళతో ఎలా పరిగెత్తాలి, ఏ అరుగు నీడ ఎన్నింటిదాకా ఉంటుంది, తల్లికి ఏ అబద్ధం చెప్తే నమ్ముతుంది, అన్నీ తెలుగులో. ఇంట్లో తెలుగు అంటే ‘అన్నం పెట్టు’, ‘నీళ్ళు తే’ వరకే అయిపోయిన పిల్లలు బతిమాలారు, బుకాయించారు, శాపనార్థాలు పెట్టారు. నేను మా అమ్మమ్మ దగ్గర విన్న తిట్లు రెండు అక్కడ మళ్ళీ విన్నాను. అవి ఏ బీరువాలో ఉన్నాయి చెప్పండి?

మా మేనల్లుడు ఒప్పుకోడు. “నీ ఆటలో రూల్సే లేవు మావయ్యా, నీకు నచ్చినవాడికి మేలు జరుగుతుంది” అంటాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. రూల్సు తక్కువైన కొద్దీ నోరున్నవాడిదే ఆట. పట్టుచీరల కొట్టాయన కొడుకు ఒకడున్నాడు, వాడు మాట్లాడుతుంటే మిగతా అయిదుగురూ ప్రేక్షకులు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో అయితే పోట్లాట వచ్చినప్పుడు ఎవరి వంతు ఎప్పుడో ముందే తేలిపోతుంది, వంతు వచ్చేదాకా ఎంతటివాడైనా ఆగాలి. ఆ ఒక్క రూలు అరువు తెచ్చుకున్నాను. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. ఏ ఆట మంచిది అని నన్నడిగేవాళ్ళకి నా జవాబు ఇదే: చాప మీద ఎవరున్నారో ముందు చెప్పండి. మా మేనల్లుడి హాస్టల్ కుర్రాళ్ళకి 320 పేజీలే సుఖం, వాళ్ళు రూలు మీద రూలు చదివి వాదించుకోవడమే ఒక ఆట. నా చాప మీద వాళ్ళు లేరు.

ఇంకొక్క విషయం చెప్పి దిగిపోతాను. 2023 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ తన రూల్సు వాడుకునేవాళ్ళకి లైసెన్సు షరతులు బిగించబోతే ఆడేవాళ్ళు పెద్ద గొడవ చేశారు. దెబ్బకి అయిదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేశారు. మూలం ఎవరిదో చెప్పి ఎవరైనా తర్జుమా చేసుకోవచ్చు, తెలుగులోకి కూడా. నేను మొదలుపెట్టాను, నలభై పేజీలయింది. ఆపద మీదికొచ్చినప్పుడు తప్పించుకోడానికి వేసే పాచికని ‘సేవింగ్ త్రో’ అంటారు, దానికి తెలుగు మాట మీలో ఎవరికైనా తడితే దయచేసి కబురు పెట్టండి, రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదు.

మూడో ఆదివారం చెప్పులు దొరికాయి, అష్ట పడి. దొరికిన వస్తువు షీటు మీద రాసుకోవాలని మా నియమం. ‘చెప్పులు’ అని తెలుగులో రాయడం ఆరుగురిలో ఒక్కరికీ రాలేదు. ఆ పిల్ల పెన్సిలు తీసుకుని ఒడియా అక్షరాల్లో రాసింది, తెలుగు మాటే, గుండ్రంగా, ఒత్తుతో సహా. ఆ కాగితం నా జేబులో ఉంది. పఠనాభిరుచి గురించి నన్ను పిలిచారు కాబట్టి తెచ్చాను, సభ అయ్యాక చూడండి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. నేనడిగేది ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం ఈ హాలు మూసే ఉంటుంది. మూడింటి నుంచి ఆరింటి దాకా తాళంచెవి ఇవ్వండి. కుర్చీలు అక్కర్లేదు, చాప మేమే తెచ్చుకుంటాం. ఫ్యాను తిరక్కపోతే గవ్వలకింకా మంచిది. చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు, కాపలా నేనుంటాను.