కారు దారిలో ఆగిపోతే ఫోన్ ఎవరికి చేయాలి?

[దృశ్యం: మసక వెలుతురు. హైవే అంచున ఆగిన కారు, నాలుగు ఇండికేటర్లూ వెలిగి ఆరుతున్నాయి. డ్రైవర్ బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూస్తున్నాడు.]

ఈయన అందులో ఏం వెతుకుతున్నాడో ఆయనకే తెలీదు. నాకూ అలవాటే లెండి. కారు ఆగగానే చెయ్యి బానెట్ మీదకే పోతుంది. కానీ అప్పుడు బయటికి తీయాల్సింది ఫోను.

దానికన్నా ముందు మనుషుల సంగతి. బండ్లు వేగంగా పోయే రోడ్డయితే, ట్రాఫిక్ లేని వైపు డోర్ తీసి దిగండి. రెయిలింగ్ ఉంటే దానికి అవతల నిలబడండి. కార్లోనే కూర్చుని ఎదురుచూడటం హాయిగానే ఉంటుంది, కానీ వెనకాల వచ్చేవాడు నిద్రమత్తులో ఉంటే? ఒకవేళ లేన్ మధ్యలో ఆగిపోయి పక్కకు తీయలేకపోతే, మెకానిక్ కోసం చూడొద్దు. నేరుగా ఎమర్జెన్సీ నంబరుకు చేయండి.

[స్క్రీన్ మీద: కారు కంపెనీ / ఇన్సూరెన్స్ / క్లబ్బు / అప్పటికప్పుడు పిలిచే టోయింగ్]

ఇప్పుడు అసలు ప్రశ్న. కారు కొత్తదైతే వారంటీతోపాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్, అంటే దారిలో ఆగితే సాయం పంపే సేవ, కూడా ఉండే అవకాశం ఎక్కువ. చాలామందికి ఆ సంగతే గుర్తుండదు. ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు కొంచెం అదనంగా ఇచ్చి తీసుకునేది ఇంకోటి. ఈ రెండూ ఉన్నాయని తెలీక మూడోది కొనేవాళ్ళూ ఉన్నారు.

సభ్యులైతే దారిలో సాయం పంపే వాహనదారుల క్లబ్బుల కథ పాతది. అమెరికాలో ట్రిపుల్ ఏ 1902లో, జర్మనీలో ఏడీఏసీ 1903లో, బ్రిటన్‌లో ఏఏ 1905లో పుట్టాయి. ఈ ఏఏ మొదలైంది రిపేర్ల కోసం కాదు, పోలీసులు ఎక్కడ మాటువేసి స్పీడు పట్టుకుంటున్నారో డ్రైవర్లకు ముందే చెప్పడానికి! క్లబ్బు సభ్యత్వం చాలాచోట్ల కారుకు కాదు, మనిషికి వర్తిస్తుంది. అంటే స్నేహితుడి కారు నడుపుతూ ఆగిపోయినా పిలవొచ్చు. ఇన్సూరెన్స్‌తో వచ్చేది మామూలుగా ఆ ఒక్క బండికే.

ఇవేవీ లేకపోతే యాప్‌లోనో, ఫోన్ చేసో టోయింగ్ బండిని పిలవాలి. బండికి కొక్కెం తగిలించకముందే రేటు మాట్లాడుకోండి. తగిలించాక బేరం ఉండదు. మీరు పిలవకుండానే ఒక టో ట్రక్కు వచ్చి ఆగితే, ఎవరు పంపారని అడగండి.

[దృశ్యం: పాలసీ కాగితం మీద వేలు కదులుతోంది.]

పథకం ఏదైనా కాగితంలో ఒక్క లైను మాత్రం తప్పక చదవండి: ఎంత దూరం లాక్కెళ్తారు, ఎక్కడికి? "దగ్గర్లోని గ్యారేజీ వరకు" అని ఉంటే, మీకు నమ్మకమైన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళమన్నా వెళ్ళరు, లేదా మిగతా కిలోమీటర్లకు డబ్బులడుగుతారు. కొన్ని పథకాల్లో ఇంటి ముందు ఆగిపోయిన కారు లెక్కలోకే రాదు. మనిషి వచ్చి చూడటం ఉచితమే కావచ్చు, వేసిన కొత్త బ్యాటరీ ఖరీదు మాత్రం మీదే.

ఫోన్‌లో ఏం చెప్తామన్న దాన్ని బట్టే ఏ బండి వస్తుందో తేలుతుంది. "కారు ఆగిపోయింది, త్వరగా రండి" అంటే సరిపోదు. ఎక్కడ ఉన్నారో, ఏ ఊరి వైపు వెళ్తున్నారో చెప్పండి. అది చెప్పకపోతే, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద వాళ్ళు అవతలి వైపు వచ్చి ఆగుతారు, టెన్షన్ రెట్టింపవుతుంది. సెల్లార్‌లో ఉంటే పైకప్పు ఎత్తు చెప్పండి, పెద్ద ట్రక్కు లోపలికి దూరదు.

[యానిమేషన్: ముందు చక్రాలు ఎత్తి లాగుతున్న కారు, పక్కన మొత్తంగా ఫ్లాట్‌బెడ్ మీదున్న కారు.]

గేర్లు ఆటోమేటిక్ అయితే అదీ చెప్పాలి. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. ఇంజిన్ ఆగి, చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిల్ అందక అరిగిపోతాయి. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్ళే కారుకు, కారు మొత్తాన్నీ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే అడగండి. ఎలక్ట్రిక్ కారుకూ అంతే. చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు లోపలి సర్క్యూట్లను పాడుచేయొచ్చు.

టో ట్రక్కే అక్కర్లేని సందర్భాలు బోలెడు. ఏడీఏసీ లెక్కల్లో 40 శాతానికి పైగా కేసులకు కారణం మామూలు 12 వోల్టుల బ్యాటరీ. సెల్ఫ్ కొడితే టక్ టక్ మని ఆగి, డాష్‌బోర్డు లైట్లు మసకబారితే అనుమానం దాని మీదే. ఈ మాట ఫోన్‌లో చెప్తే జంప్ స్టార్ట్ సామానుతో, అంటే బయటి బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసే వైర్లతో, ఒక్క మనిషి చాలు. ఎలక్ట్రిక్ కార్లలోనూ ఈ చిన్న బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీ నిండా ఛార్జ్ ఉన్నా, ఇది చచ్చిపోతే కారు కదలదు.

స్టార్ట్ అయ్యాక బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతూనే ఉంటే దూర ప్రయాణం పెట్టుకోవద్దు. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీని ఛార్జ్ చేయడం లేదేమో. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెడితే మామూలుగా 13.5 నుంచి 14.5 వోల్టులు చూపించాలి.

ఇక పంక్చర్. ఇప్పుడు చాలా కొత్త కార్లలో స్టెప్నీ ఉండదు, ఒక సీలెంట్ డబ్బా, చిన్న పంపు మాత్రమే ఇస్తారు. టైరు పక్కగోడ చీలితే ఆ డబ్బా ఎందుకూ పనికిరాదు.

[దృశ్యం: తెరిచిన డిక్కీ.]

వీడియో పాజ్ చేసి మీ డిక్కీ ఒకసారి తెరిచి చూడండి. చక్రాలకు లాక్ నట్లు (దొంగలు విప్పకుండా వేసేవి) ఉంటే వాటిని విప్పే తాళం కూడా అందులోనే ఉందా? అది లేకపోతే, వచ్చిన మెకానిక్ కూడా మీ పక్కనే నిలబడి చూస్తాడు.