కత్తెర కింద పెట్టండి! పాత బట్టలో ఆస్తి గుడ్డ కాదు, కుట్టు

నమస్కారం. ఈ రోజు కాస్త కోపంగానే మొదలుపెడుతున్నాను.

పాత చొక్కా ఒకటి బల్ల మీద పరుస్తారు. కరకరమని కాలర్ కోసేస్తారు. చేతులు కోసేస్తారు. ముందున్న బొత్తాల పట్టీని నిలువునా కత్తిరించి చెత్తబుట్టలో పడేస్తారు. చివరికి మిగిలిన చదరపు ముక్కను కుషన్ కవర్ చేయడానికి కొత్త జిప్పు ఒకటి కొనుక్కొచ్చి కుడతారు. కుట్టే ఓపిక లేనివాళ్లు జిగురు పూస్తారు. పైన పెద్ద అక్షరాలు: "అయిదు నిమిషాల్లో పాత బట్టకు కొత్త జీవితం!"

ఇలాంటి వీడియోల మీద నడుస్తున్న రగడ మీకు కొత్త కాదు. తొడుక్కోవడానికి పనికొచ్చే బట్టలను, కొన్నిసార్లు సరికొత్త బట్టలను వీడియో కోసం ముక్కలు చేస్తున్నారని ఒకరి ఆరోపణ. నా బట్ట నా ఇష్టం అని ఇంకొకరి సమాధానం. ఇద్దరూ గుడ్డ గురించే మాట్లాడుతున్నారు. నా పేచీ అక్కడే.

పాత బట్టలో ఆస్తి గుడ్డ కాదు. కుట్టు.

గుడ్డ ఎప్పుడైనా దొరుకుతుంది. మీ ఇంట్లో వాడేసిన చొక్కా మీద, ప్యాంటు మీద, దుప్పటి మీద ఉన్న కుట్టు మాత్రం మీరు ఒక్క పూటలో కుట్టగలిగేది కాదు. నమ్మకపోతే ఇప్పుడే లేచి ఒక చొక్కా తెచ్చుకోండి. బొత్తాల పట్టీని వేళ్లతో తడమండి. గుడ్డ రెండు మూడు పొరలుగా మడిచి ఉంటుంది. చాలా చొక్కాలలో మధ్యన గట్టిదనం కోసం సన్నటి అస్తరు కూడా వేస్తారు. అంచు వెంట కుట్టు ఎక్కడా వంకర పోదు. మంచి చొక్కా అయితే స్కేలు పెట్టి లెక్కించండి, సెంటీమీటరుకు 6, 7 కుట్లు కనిపిస్తాయి. ఇంట్లో మిషన్ మీద మనం మామూలుగా పెట్టుకునే కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, అంటే సెంటీమీటరుకు 4 కుట్లే. ఇక కాజాలు చూడండి. ఒక్కొక్క కాజా చుట్టూ దారం ఎంత ఒత్తుగా పట్టుకుని ఉందో గమనించండి.

కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్లను ఏడిపించే పనులు మూడు. కాజా, జిప్పు, కాలర్. ఆ మూడింటినీ పనితెలిసిన మనిషి ఎవరో ఎప్పుడో కుట్టి మీ చేతిలో పెట్టారు. వాటిని మొదటి నిమిషంలోనే కోసి పారేసి, ఆ తర్వాత నాకు కుట్టు రావడం లేదు అని బాధపడటం, కట్టిన ఇంటిని కూల్చి ఆ ఇటుకలతో పక్కన గుడిసె వేసుకోవడమే!

మరి వాళ్లు ఎందుకు కోస్తారు? నా లెక్క ఇది. కెమెరాకు కత్తెర కావాలి. చివరికి వచ్చిన వస్తువు మొదటిదానితో ఎంత తక్కువగా పోలితే వీడియో అంత గొప్పదని ఒక కొలబద్ద తయారైంది. చొక్కా చొక్కాలాగే కనిపిస్తే "ఇందులో మార్పేముంది" అంటారు. అందుకే ఉన్న అంచును కోసేసి, పోగులు లేచిపోతుంటే మళ్లీ కొత్త అంచు మడవడం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? నా కొలబద్ద పూర్తిగా తిరగేసి ఉంటుంది. పాత బట్ట ఏదో చూడగానే పోల్చుకోగలిగితేనే అది మంచి పని.

సరే, కోపం పక్కన పెట్టి చొక్కా చేతిలోకి తీసుకోండి. కుషన్ కవర్ నేను ఎలా కుడతానో చూపిస్తాను.

ముందు చొక్కాను కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకోండి. కాలర్ మడత, కఫ్‌లు, మోచేతులు, చంకల కింది భాగం, ఇవే ముందుగా అరుగుతాయి. అరిగిన చోట వెలుతురు ఎక్కువగా చొచ్చుకొస్తుంది. చంకల కింద నుంచి కింది అంచు వరకు ఉన్న భాగం, ముందూ వెనకా, దాదాపు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. మనకు కావలసింది అదే. పైగా ఇన్నాళ్లు ఉతికిన గుడ్డ కాబట్టి కుంచించుకుపోవలసినంత ఎప్పుడో కుంచించుకుపోయింది, వదలవలసిన రంగు వదిలేసింది. కొత్త గుడ్డకు ఈ భరోసా లేదు.

బొత్తాలన్నీ పెట్టి చొక్కాను బల్ల మీద చదునుగా పరచండి. కుషన్ 40 సెంటీమీటర్లదైతే, బొత్తాల పట్టీ సరిగ్గా మధ్యలోకి వచ్చేలా 42 సెంటీమీటర్ల చదరం సుద్దతో గీయండి. ఒక్క విషయం మాత్రం తొందరపడకుండా చూసుకోండి. పై గీతగానీ కింది గీతగానీ బొత్తం మీదుగా పోకూడదు. సూది బొత్తం మీద పడితే విరుగుతుంది, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. చదరాన్ని కొంచెం పైకో కిందికో జరిపితే సరిపోతుంది. గీత నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల లోపల ఒక బొత్తం ఉంటే ఇంకా మంచిది, పట్టీ చివర నోరు తెరుచుకోదు. రెండు పొరలూ కలిపి కత్తిరించండి. పై వైపులు రెండూ ఎదురెదురుగా, అంటే లోపలికి పెట్టండి. కుట్టడానికి ముందు మధ్యలో రెండు బొత్తాలు విప్పి ఉంచండి. ఇది మరచిపోతే నాలుగు వైపులా కుట్టేశాక కవరును తిరగేయడానికి దారి ఉండదు, గుడ్డ మీద నుంచి తడుముకుంటూ బొత్తం తీయవలసి వస్తుంది. ఇక అంచుకు ఒక సెంటీమీటరు లోపల నాలుగు వైపులా నాలుగు తిన్నని గీతలు కుట్టండి. లోపలి పోగులు లేవకుండా అంచు వెంట జిగ్‌జాగ్ కుట్టు వేయండి. తిరగేయండి. అయిపోయింది.

జిప్పు కొనలేదు. కాజా కుట్టలేదు. మీరు కుట్టింది నాలుగు గీతలే, మిగతాదంతా చొక్కాతోనే వచ్చింది. జేబు కూడా ఆ చదరంలోకి వస్తే వదిలేయండి, దాన్ని విప్పకండి. రిమోట్ పెట్టుకోవచ్చు!

మిషన్ లేదంటారా? నాలుగు గీతలే కదా, చేత్తో కుట్టండి. సూదిని ముందుకు తీసి, మళ్లీ వెనకటి కుట్టు చివర గుచ్చి ముందుకు తెచ్చే కుట్టు వేయండి. నెమ్మదిగా సాగుతుంది కానీ గట్టిగా నిలబడుతుంది. జిగురు మాత్రం వద్దు. వేడి జిగురు కరిగించి పూసేది, కాబట్టి ఇస్త్రీ పెట్టె తగిలితే మళ్లీ కరుగుతుంది. ఉతికి ఇస్త్రీ చేయవలసిన వస్తువుకు జిగురు పూయమని చెప్పేవాళ్లు దాన్ని ఒక్కసారైనా ఉతికి చూశారా?

ఇప్పుడు జీన్స్. ఇక్కడ నా వాదనకు పాత సాక్ష్యం ఒకటి ఉంది. జేకబ్ డేవిస్ అనే దర్జీ, పనివాళ్ల ప్యాంట్ల జేబు మూలలు పదేపదే చిరగడం చూసి, అక్కడ రాగి రివెట్లు కొట్టాడు. ఆయనా, గుడ్డల వ్యాపారి లెవీ స్ట్రాస్ కలిసి 1873 మే 20న అమెరికాలో దానికి పేటెంటు పొందారు. వాళ్లు పేటెంటు తీసుకున్నది గుడ్డ మీద కాదు, జేబు మూల గట్టిగా నిలిచే పద్ధతి మీద! దాన్ని మీరు కత్తెరతో కోసి పక్కన పెట్టి మధ్యలోని గుడ్డ కోసం ఎగబడతారా?

ప్యాంటు మోకాళ్ల దగ్గర, తొడల లోపలివైపు అరుగుతుంది. మోకాలి కింద నుంచి పాదం అంచు దాకా ఉన్న గొట్టం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ గొట్టాన్ని కోయండి. తిరగేసి కోసిన వైపు అడ్డంగా కుట్టేయండి. కింది రెండు మూలలనూ త్రికోణంలా మడిచి, మొన నుంచి 4 సెంటీమీటర్లు లోపల అడ్డంగా కుడితే అడుగు చదునుగా వస్తుంది. సంచి మూతి మీరు కుట్టనక్కర లేదు, పాదం దగ్గరి అంచే మూతి. పట్టుకోవడానికి నడుము పట్టీ ఉంది, రెండు పొరలు, దట్టమైన కుట్టు, దానికంటే గట్టి పిడి ఎక్కడ దొరుకుతుంది? నీళ్ల సీసాకో గొడుగుకో సరిగ్గా సరిపోయే సంచి.

దళసరి కుట్టు దాటేటప్పుడు మిషన్ మొరాయిస్తుంది. అక్కడ మిషన్ పాదం, అంటే గుడ్డను నొక్కిపట్టే లోహపు ముక్క, ముందువైపు పైకి లేచి కుట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. పాదం వెనక భాగం కింద అదే జీన్స్ ముక్కను మడిచి పెట్టండి, పాదం సమంగా నిలుస్తుంది. దళసరి గుడ్డకు వాడే 100/16 సైజు సూది వేయండి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచండి. ఆ నాలుగు కుట్లకు కరెంటు వద్దు, చక్రాన్ని చేత్తో తిప్పండి.

టీషర్టు గురించి రెండు మాటలు చాలు. చంకల కింద అడ్డంగా కోసి, ఆ కోసిన వైపు కుట్టేయండి. కింది అంచు సంచి మూతి అవుతుంది. ఆ అంచు మడతలో తాడు దూర్చే గొట్టం ముందే తయారై ఉంది! కుట్టు దారం తెగకుండా లోపలి పొరకు మాత్రమే చిన్న గాటు పెట్టి, పిన్నీసుతో తాడు దూర్చండి. తాడు కూడా కొనకండి. మిగిలిన పై భాగం నుంచి 3 సెంటీమీటర్ల పట్టీ కోసి రెండు చేతులతో లాగండి, అదే చుట్టుకుని తాడు అవుతుంది. అల్లిక గుడ్డ కాబట్టి పోగులు లేవవు. సూది మాత్రం మొన గుండ్రంగా ఉండేది వాడండి, మామూలు సూది అల్లిక పోగులను తెంపుతుంది.

"ఇంత శ్రమ ఎందుకు, పాత బట్టలు సేకరించే డబ్బాలో వేస్తే రీసైకిల్ చేస్తారు కదా" అనే మాట ప్రతి వీడియో కింద వస్తుంది. వస్తువులను మళ్లీ మళ్లీ వాడుకోవడం కోసం పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దుస్తుల తయారీలోకి వెళ్లే ముడిసరుకులో 1 శాతం కంటే తక్కువే మళ్లీ దుస్తులుగా మారుతోంది. కారణం తేలికగా అర్థమవుతుంది. గుడ్డను చీల్చి దూదిలా చేసేటప్పుడు నూలు పోగు పొట్టిదైపోతుంది, పొట్టి పోగుతో వడికిన దారానికి బలం తక్కువ. నూలూ పాలిస్టరూ కలిసిన గుడ్డలో ఏది ఏదో విడదీయడం ఇంకా కష్టం. అన్నిటికీ మించి, ఆ యంత్రంలో మొదట నాశనమయ్యేది కుట్టే. నేను మొత్తుకుంటున్నది దాని గురించే!

దీన్ని నిజంగా అర్థం చేసుకున్న తరం ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941 జూన్ 1న, బ్రిటన్‌లో బట్టలకు రేషన్ పెట్టారు. మొదటి ఏడాదికి మనిషికి 66 కూపన్లు. అవి అయిపోతే కొత్త బట్ట లేదు. అప్పటి గృహిణులకు దుప్పటి చిరుగు ఎక్కడ మొదలవుతుందో తెలుసు, మనిషి పడుకునే నడిమధ్యన. వాళ్లు దుప్పటిని నిలువునా మధ్యకు కోసి, పక్కలకు ఉన్న గట్టి అంచులు రెండింటినీ మధ్యకు తెచ్చి కలిపి కుట్టేవారు. పలచబడిన మధ్యభాగం పక్కలకు పోయేది, దాన్ని మడిచి కుట్టేవారు. పరుపు కిందికి దోపేసే భాగానికి బలం ఎందుకు? ఎంత తెలివైన పని అది! కత్తెర ఒక్కసారే ఆడింది, దుప్పటి దుప్పటిగానే మిగిలింది, గట్టి అంచు అవసరమైన చోటికి చేరింది. అయిదు నిమిషాల వీడియోలన్నీ కలిపినా ఈ ఒక్క ఆలోచనకు సాటిరావు.

ఆ రోజుల్లో అందరికీ తెలిసిన పని ఇంకొకటి, కాలర్ తిప్పడం. మెడ దగ్గర కాలర్ మడత అరిగిపోయి పోగులు తేలతాయి కదా. కాలర్‌ను దాని కింది పట్టీకి కలిపే కుట్టు ఒక్కటే విప్పి, కాలర్‌ను తిరగేసి, అరిగిన ముఖం కిందికి పోయేలా అదే సందులో పెట్టి కుట్టేస్తారు. చొక్కా మళ్లీ తొడుక్కోవచ్చు. ఇక్కడ కావలసింది కత్తెర కాదు, కుట్లు విప్పే చిన్న పరికరం, సీమ్ రిప్పర్. కాలర్ నిటారుగా ఉండేందుకు అడుగున పుల్లలు దూర్చే సందులు ఉన్న చొక్కాకు ఈ పని చేయకండి, తిప్పాక ఆ సందులు పైకి కనిపిస్తాయి.

"అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచితే ఇక సృజన ఏముంది" అని అడిగేవాళ్లకు నా జవాబు: చొక్కాలో ఏ అంగుళం దేనికి పనికొస్తుందో కనిపెట్టడమే సృజన. పెద్ద కొలత బట్టలను కొనుక్కొచ్చి చిన్నవిగా కోసే వీడియోల మీద వస్తున్న విమర్శతో కూడా నేను ఏకీభవిస్తాను. ఆ కొలత తొడుక్కునేవాళ్లకు అసలే దొరికేవి తక్కువ. మీ ఇంట్లో ఉన్న బట్టనే బిగించుకోవాలంటే పక్క కుట్టు ఒక్కటి లోపలికి జరపండి, భుజాల జోలికి పోకండి.

మీ ఇంట్లో పక్కన పడేసిన చొక్కానో ప్యాంటో ఉంటే దాని ఫొటో తీయండి. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ కుట్టు గట్టిగా ఉందో రెండు ముక్కల్లో రాసి కింద పెట్టండి. వచ్చే వీడియోలో వాటిలో కొన్నింటిని తీసుకుని, ఏ అంచు దేనికి పనికొస్తుందో ఒక్కొక్కటిగా చెబుతాను. కాలర్ తిప్పడం మొదటి విప్పు నుంచి చివరి కుట్టు దాకా వీడియోలో ఎక్కడా కత్తిరింపు లేకుండా చూపిస్తాను. అప్పటిదాకా ఆ చొక్కాను కోయకండి.