గింజ గొప్పా, మడి గొప్పా: రచన నేర్పే డిగ్రీల గురించి

సభకు నమస్కారం.

విజయనగరంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: పాట నేర్చుకోడానికి కళాశాల దేనికి అని. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు. ఘంటసాల ఇక్కడి విద్యార్థే. గొంతు పుట్టుకతో వచ్చినా సాధన గురువు ఎదుట కూర్చునే చెయ్యాలని ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. అదే ఊళ్ళో ఒక కుర్రాడు కథ రాయడం నేర్చుకోడానికి కాలేజీకి వెళ్తానంటే మాత్రం నవ్వుతాం. "రాత ఒకరు నేర్పితే వస్తుందేటి?" అంటాం.

ఆ నవ్వులో సగం న్యాయముంది. మిగతా సగం సంగతి ఇవాళ లెక్కలేసుకుని చూద్దాం.

అమెరికాలో అయొవా విశ్వవిద్యాలయం 1936లో రైటర్స్ వర్క్‌షాప్ మొదలుపెట్టింది. రెండేళ్ళ చదువు, చివర ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) పట్టా. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో ఏడాది ఎం.ఏ. పెట్టింది. అక్కడి తొలి విద్యార్థి ఇయన్ మెకుయన్. 1980లో అక్కడే పట్టా పుచ్చుకున్న కజువొ ఇషిగురోకి 2017లో నోబెల్ వచ్చింది. ఫ్లానరీ ఒకానర్ అయొవాలో చదివింది. పేరున్న ప్రతి సంస్థా ఇలాంటి పేర్లు ముందు పేజీలో వేసుకుంటుంది. చూసినవాడికి కళ్ళు చెదరడం సహజం.

అక్కడ ఒక్కసారి మన రైతుని తలుచుకోండి. విత్తనం వడ్లు ఉప్పునీళ్ళలో పోస్తాడు. తేలిన తాలు తీసి పారేసి, మునిగిన గట్టి గింజే నారుమడిలో చల్లుతాడు. మడి నిండా మొలిస్తే అది మడి గొప్పా, గింజ గొప్పా? అయొవాకి ఏటా వెయ్యికి పైగా దరఖాస్తులు వెళ్తే కథల విభాగంలో పాతికమందిని, కవిత్వంలో పాతికమందిని తీసుకుంటారు. అంత వడగట్టాక వాళ్ళలో ఒకరిద్దరికి పేరు రాకపోతేనే ఆశ్చర్యం. పూర్వ విద్యార్థుల జాబితా చూసి చదువుకి విలువ కట్టకండి.

అలాగని మడి ఏమీ చెయ్యదని కాదు. రెండేళ్ళు రాయడం తప్ప వేరే పని లేకుండా బతకడం, ఫలానా తేదీకి కథ ఇచ్చి తీరాలన్న గడువు, ఇచ్చిన కథని పది మంది పెన్ను పట్టుకుని చదవడం చిన్న విషయాలు కావు. వాటి పైన సంస్థ పేరు. రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే న్యూయార్కు ఏజెంట్ల దగ్గర ఆ పేరుకి విలువుంది. తెలుగు పత్రిక సంపాదకుడి బల్ల మీద దానికి కాగితం బరువు కూడా ఉండదు.

ఇక డబ్బు. కొలంబియా వంటి చోట ఫీజే ఏడాదికి 60 వేల డాలర్ల పైమాట. రెండేళ్ళకి 1,20,000. డాలరు 85 రూపాయలనుకున్నా 1 కోటి 2 లక్షలు. గది అద్దె, తిండి, ఇన్సూరెన్సు ఇందులో కలపలేదు. కంప్యూటర్ల ఎం.ఎస్.కి అప్పు చేసినవాడు ఉద్యోగమొస్తే తీరుస్తాడు. కథకి తెలుగు వారపత్రికలిచ్చే పారితోషికం వందల్లో, మహా అయితే కొద్ది వేలల్లో. కథల సంపుటి వేస్తే 500 కాపీలు, అదీ చాలాసార్లు రచయిత సొంత ఖర్చుతో. ఉద్దానంలో జీడితోట తాకట్టు పెట్టి ఈ చదువుకి వెళ్ళడం శుద్ధ తెలివితక్కువ. ఈ మాట మెత్తగా చెప్పడం అనవసరం.

అయితే ఫీజు పుచ్చుకోకుండా, పైగా భత్యమిచ్చి చదివించే చోట్లున్నాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలోని మిచెనర్ సెంటర్ మూడేళ్ళపాటు అలా చదివిస్తుంది. ఇంగ్లీషులో రాసేవాళ్ళు అలాంటి చోట్లకే దరఖాస్తు పెట్టాలి. కావలసినవి: 20 నుంచి 30 పేజీల సొంత కథలు, కవులైతే పదేసి కవితలు, ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే ఉత్తరం, మూడు సిఫారసు లేఖలు, ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ లేదా ఐఎల్‌టీఎస్. జీఆర్ఈ ఇప్పుడు చాలాచోట్ల అడగరు. గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో. దరఖాస్తు ఒక్కోదానికి 50 నుంచి 100 డాలర్లు. సగటున 75 వేసుకుంటే పది చోట్లకి సుమారు 64 వేల రూపాయలు, సీటు వచ్చినా రాకపోయినా.

దరఖాస్తు దెబ్బతినేది ఎక్కడంటే, తొంభై పాళ్ళు ఆ 20 పేజీల దగ్గరే. రాస్తున్న నవల మధ్యలోంచి ముక్క కోసి పంపుతారు, చదివేవాడికి తలా తోకా తెలీదు. ముగిసిన కథలు రెండు పంపడం మేలు. సిఫారసు లేఖ ప్రిన్సిపాలు గారి చేత రాయిస్తారు, ఆయన "క్రమశిక్షణ గల విద్యార్థి" అని రాస్తారు. మీ రాత చదివిన మనిషి రాసిన అరపేజీ దానికన్నా పది రెట్లు పనికొస్తుంది.

ఉద్యోగం మాటా చెప్పాలి. అమెరికాలో ఎం.ఎఫ్.ఏ. ఉంటే కాలేజీలో రచన బోధించడానికి అర్హత. ఇక్కడ తెలుగు లెక్చరర్ కావాలంటే తెలుగు ఎం.ఏ.లో 55 శాతం, ఆపైన అర్హత పరీక్ష నెట్ గానీ ఏపీసెట్ గానీ, లేదా పీహెచ్‌డీ. విదేశీ పట్టా మన డిగ్రీకి సమానమన్న పత్రం వస్తుందో లేదో చేరకముందే కనుక్కోవాలి, చేరాక కాదు.

వీటన్నిటికంటే నాకు పెద్దగా కనిపించే చిక్కు భాషది. ఒక వాక్యం చూడండి: "గుంటని ఒళ్ళో కూచోబెట్టుకుంది." శ్రీకాకుళంలో గుంట అంటే ఆడపిల్ల. విజయవాడ దాటితే గుంట అంటే గొయ్యి. ఈ కథ మన మాట తెలియని బృందం ముందుకెళ్తే అందరూ ఆ మాటకి సున్నా చుడతారు. రచయిత ఏం చెయ్యాలి? "గుంట, అంటే ఆడపిల్ల" అని పక్కన అర్థం రాస్తే కథ చచ్చింది. మాట తీసేసి "పాప" అని పెడితే మనిషి మారిపోయింది. తరవాతి వాక్యం "జడ విప్పి పేలు చూడ్డం మొదలెట్టింది" అని ఉంటే చాలు, ఏ జిల్లావాడికైనా అర్థం దానంతటదే అందుతుంది. తెలిసిన పాఠకుడు ఈ ఉపాయం చెబుతాడు. తెలియని బృందం అర్థం రాయమంటుంది. రెండేళ్ళు అలాంటి బల్ల చుట్టూ కూచున్నవాడు తన ఊరిని పరాయివాడికి వివరించి చెప్పడం అలవాటు చేసుకుంటాడు. వాక్యం నున్నబడుతుంది, ఊరు పోతుంది.

మన దేశంలోనే దొరికేవి రెండు చెబుతాను. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఇంగ్లీషులో సృజనాత్మక రచన డిప్లొమా నడుపుతోంది. దూరవిద్య, కనీసం ఏడాది. విశాఖలో వాళ్ళ ప్రాంతీయ కేంద్రముంది. పాఠాలు పద్ధతిగా ఉంటాయి, కానీ బల్ల చుట్టూ మనుషులుండరు. రెండోది, నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా 2021లో కేంద్రం తెచ్చిన పీఎం యువ పథకం. 30 ఏళ్ళ లోపు రచయితలకి నెలకి 50 వేల చొప్పున ఆరు నెలలు ఇచ్చింది, మొదటి విడత 75 మందికి. తరవాత మరి రెండు విడతలు వచ్చాయి. మన భాషల్లోనే రాయొచ్చు. విషయం మాత్రం వాళ్ళు నిర్ణయించినదే.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి, మన కథకుల్లో కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) లెక్కల మాస్టారు, రావిశాస్త్రి గారు ప్లీడరు, వాళ్ళకి రచనలో ఏం డిగ్రీ ఉందని అడుగుతారు. నిజమే. అయితే ఆ వాదన బద్ధకస్తులకి బాగా నచ్చుతుంది, అందుకే జాగ్రత్త. గురజాడని చూడండి. 1892లో ప్రదర్శించిన కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. పదిహేడేళ్ళు ఒక రచనని వదలకుండా పట్టుకున్నాడు. సంస్థానంలో శాసన పరిశోధకుడిగా కొలువు, ఆనందగజపతి మహారాజు అండ, చుట్టూ చదువుకున్న స్నేహితులు. ఇప్పటి భాషలో చెప్తే భత్యమూ ఉంది, బృందమూ ఉంది. పట్టా ఒక్కటే లేదు. మనవాళ్ళు ఆయన ప్రతిభని వారసత్వమంటారు గానీ తిరగరాత జోలికి పోరు.

ఆ బృందం ఇక్కడే పెట్టుకోవచ్చు. ఎలాగో చెబుతాను. మనుషులు ఎనిమిది మంది. ఆరుకి తగ్గితే ఇద్దరు రాని రోజు సభే ఉండదు. పది దాటితే మాట్లాడే వంతు రాదు. పదిహేను రోజులకోసారి రెండు గంటలు, సమావేశానికి రెండే కథలు. ఆరు నెలల్లో పన్నెండు సమావేశాలు, 24 వంతులు, మనిషికి మూడు. ఆ మూడింట్లో ఒకటి తప్పకుండా పాత కథ తిరగరాతే అయి ఉండాలి. పట్టిక మొదటి రోజే రాసి గోడకి అంటించండి. "రాసినప్పుడు తెస్తాను" అన్న బృందాలన్నీ నాలుగో నెలలో మూతపడేవే.

కథ 3 వేల మాటలకి మించకూడదు. వారం ముందు జెరాక్సు ప్రతులు అందాలి, ఒకవైపే అచ్చు, అంచున మూడు వేళ్ళ ఖాళీ. పది పేజీలు, ఏడు ప్రతులు, పేజీ 2 రూపాయలైనా 140. వాట్సాప్‌లో పీడీఎఫ్ పెడితే ఫోన్లో వేలితో తోసుకుంటూ పోతారు, ఏ వాక్యం దగ్గర ఆగారో వాళ్ళకే గుర్తుండదు. కాగితం మీద పెన్ను ఆగుతుంది.

సమావేశంలో మొదటి పేజీ పైకి చదవాలి, రచయిత కాకుండా ఇంకొకరు. రచయిత గొంతు తప్పుల్ని కప్పేస్తుంది. తరవాత అరగంట రచయిత నోరు మెదపకూడదు. ఈ మౌనం పద్ధతి అయొవా నుంచి ప్రపంచమంతా పాకింది, దాని మీద విమర్శలూ ఉన్నాయి. అందుకని ఒక చిన్న సవరణ: తనకి అనుమానమున్న చోట్లు రెండు, రచయిత ముందే చీటీ మీద రాసి ఇవ్వాలి. చర్చ అక్కడ మొదలవుతుంది.

"బాగుంది, ఇంకొంచెం లోతు కావాలి" అన్న మాట నిషేధించండి. దానితో ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఒక ముక్క తీసుకుందాం: "అప్పలసూరి చాలా పేదవాడు. వలస పోవాలని నిర్ణయించుకున్నాడు. అతని మనసంతా బాధగా ఉంది." దీనికి పనికొచ్చే మాట ఇదీ: "మూడు వాక్యాలు చదివాను, నాకు మనిషి కనబడలేదు. బయల్దేరే ముందు చేత్తో ఏం చేశాడు?" రెండు వారాల తరవాత అదే ముక్క ఇలా రావచ్చు: "అప్పలసూరి బియ్యం డబ్బా బోర్లించి తట్టాడు. రాలిన నూకలు కోడికి విదిలించి తాళం కోసం వెతికాడు. ఆ ఇంటికి తాళం వెయ్యడం అదే మొదలు." పేదవాడన్న మాట పోయింది, బాధన్న మాట పోయింది. రెండూ మిగిలాయి.

మన దగ్గర ఎక్కువగా చెడేది మాత్రం మరోచోట. తెలుగు సభల్లో కథ మీద చర్చ పది నిమిషాల్లో వస్తువు మీదకి పోతుంది. రచయిత ఎవరి పక్షం, ఏ వర్గం గురించి రాశాడు, ముగింపు ఆశావహంగా ఉందా లేదా. అవి అడగాల్సిన ప్రశ్నలే, కానీ కథ అచ్చయ్యాక. ప్రతి ఇంకా పచ్చిగా ఉండగా అడిగితే రచయిత సమాధానం చెప్పుకుంటాడు తప్ప తిరగరాయడు. ఇంకో జబ్బు, ఒక పెద్దాయన గంట మాట్లాడి అందరూ తలూపడం. గడియారం పెట్టి మనిషికి నాలుగు నిమిషాలివ్వండి. పెద్దాయనకి చివరి వంతు.

మొదటి సమావేశానికి మాత్రం ఎవరి కథా తేవద్దు, అది ఆ పన్నెండు లెక్కలోకి రాదు. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. ఒకరు వెళ్ళి పాత పత్రికలోంచి మీలో ఎవరూ చదవని కథ ఒకటి తెచ్చి ఎనిమిది ప్రతులు తీయించండి. రచయిత పేరు చెరిపేసి, మొదటి పేరా మీదే గంటసేపు మాట్లాడండి. పేరు తెలియనప్పుడు మీ నోట ఏ మాటలొస్తాయో ఒకరు రాసిపెట్టుకోవాలి. రెండో సమావేశం నుంచి మీ కథలకి అవే మాటలు వాడాలి.