పన్ను పీకడం ఉచితం, కాపాడడం మన ఖర్చు

శ్రోతలందరికీ నమస్కారం. గుండెకు స్టెంట్ వేయాలంటే మన దగ్గర ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంది, కిడ్నీలో రాళ్లు తీయాలన్నా ఆ కార్డే పనికొస్తుంది. పిప్పి పన్నుకు రూట్ కెనాల్, అంటే పన్ను పీకకుండా లోపల శుభ్రం చేసి నింపే వైద్యం, చేయించాలంటే మాత్రం అది పనిచేయదు. ఈ సంగతి చాలామందికి దవడ వాచి ఆసుపత్రికి పోయి, అక్కడ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర "దీనికి రాదమ్మా" అన్నాకే తెలుస్తుంది.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం గురించే చెబుతున్నా. అది ఎన్ని కుటుంబాలను అప్పుల్లోంచి కాపాడిందో తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పథకాన్ని ప్రధానంగా ఆపరేషన్లు, అడ్మిషన్ల చుట్టూ అల్లారు. పేషెంటును చేర్చుకోవాలి, ప్యాకేజీ ప్రకారం వైద్యం చేయాలి, డబ్బు ఆసుపత్రికి పోవాలి. పంటి వైద్యానికి మంచం అక్కర్లేదు. కుర్చీలో కూర్చోబెట్టి చేసి పంపించేస్తారు, వారం తర్వాత మళ్లీ రమ్మంటారు. అందుకే అది ఆ లెక్కలో ఇమడలేదు. యాక్సిడెంట్లో దవడ ఎముక విరిగినా, నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ పడినా పథకం ఆదుకుంటుంది. అంటే నోట్లో జబ్బు బాగా ముదిరితే సాయం ఉంది, మొదట్లో పట్టుకుంటే లేదు. నాకు మింగుడుపడనిది ఇదే.

మరి సర్కారు ఆసుపత్రి లేదా అంటారేమో. ఉంది. తిరుపతి రుయాలాంటి పెద్దాసుపత్రిలో పళ్ల విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుంటే చూస్తారు, పన్ను పీకడానికి డబ్బు అడగరు. ఊళ్లో పీహెచ్‌సీకి పోతే మామూలుగా పళ్ల డాక్టరు ఉండరు, పెద్దాసుపత్రికి పొమ్మని రాసిస్తారు. పోయినచోట ఒక్కో పన్నుకు మూడు నాలుగు సార్లు కూర్చొని రూట్ కెనాల్ చేయాలంటే డాక్టరుకు తీరిక ఉండాలి, సామాను ఉండాలి, ఎక్స్‌రే నడుస్తుండాలి. బయట వరుసలో అంతమంది కనబడుతుంటే పీకి పంపడమే జరిగే పని. నేను డాక్టర్లను తప్పుపట్టడం లేదు, వాళ్ల చేతికి ఇచ్చింది అంతే.

మా వీధి చివర టిఫిన్ బండి పెట్టుకున్న ఒకావిడ ఉంది. కింది దవడ పన్ను పుచ్చిపోయింది. రాత్రిపూట లవంగం నొక్కిపట్టుకొని పడుకునేది, తెల్లారి మెడికల్ షాపులో మాత్ర కొని మింగి పెనం ముందు నిలబడేది. అట్లా నెలల తరబడి మాత్రలకే పెట్టింది. చివరికి ప్రైవేటులో చూపిస్తే రూట్ కెనాల్, క్యాపు కలిపి ఏడు వేలన్నారు. "పీకేస్తే పైసా లేదు సార్, ఉంచుకోవాలంటే ఏడు వేలంట, ఇంక ఆలోచించేదేముంది" అనింది నాతో. పీకించుకుంది. ఆ సందులోకి పక్క పన్ను ఒరిగింది, పైపన్ను కిందికి దిగింది, ఇప్పుడు ఆ వైపు నమలలేదు. చెనిక్కాయలు మానేసింది, సంగటి ముద్ద మాత్రం మింగుతుంది. పైగా ఆమెకు షుగరుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది, షుగరు ఎక్కువైతే చిగుళ్లు ఇంకా చెడతాయి. ఆ షుగరుకు ప్రభుత్వమే మందులిస్తుంది, చిగుళ్ల దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకుంటుంది.

ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు పళ్ల వైద్యం కూడా ఉచితమే. మూడేళ్లు తిరక్కుండానే, 1951లో, కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు డబ్బు కట్టాలన్నారు. ఆ సేవను నిలబెట్టిన మంత్రి అన్యూరిన్ బెవన్ దానికి నిరసనగా రాజీనామా చేశాడు. ఇప్పటికీ ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లలో చాలామంది పంటి వైద్యానికి తమ వాటా కట్టాల్సిందే. కానీ అక్కడ ఆ వాటా ఎంతో ముందే నిర్ణయించి ఉంటుంది, పిల్లలకు, గర్భిణులకు ఉచితం. ఎంతవుతుందో ముందే తెలిస్తే మనిషికి సగం టెన్షన్ తగ్గుతుంది. మన దగ్గర ఒక్కో క్లినిక్‌లో ఒక్కో రేటు, నొప్పితో పోయినవాడు బేరమాడే స్థితిలో ఉండడు.

ఖర్చు భరించలేమంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో ఫ్లోరైడ్ టూత్‌పేస్టును, పళ్లలో నింపే ఒక రకం సిమెంటును చేర్చింది. అవి ఖరీదైన వస్తువులేమీ కావు. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే నింపేస్తే చాలా పళ్లకు రూట్ కెనాల్ దాకా పోయే అవసరమే రాదు. బడి పిల్లల విషయంలో దారి ఇప్పటికే ఉంది. 2013లో మొదలైన, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికీ అంగన్‌వాడీకీ వచ్చే టీమ్ చూడాల్సిన వాటిలో పళ్లు కూడా ఉన్నాయి. మీ బిడ్డను చూశారో లేదో టీచరును అడగండి, ఆసుపత్రికి పొమ్మని రాసిచ్చిన చీటీ ఉంటే పారేయకండి.

పెద్దవాళ్లు పన్ను పీకించుకునే ముందు డాక్టరును ఒక్కమాట అడగండి, "దీన్ని నిలబెట్టే వీలుందా సార్, ఇక్కడ కాకపోతే ఎక్కడ చేస్తారు" అని. డెంటల్ కాలేజీల్లో విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్లముందే వైద్యం చేస్తారు, క్లినిక్ కంటే చాలా తక్కువవుతుంది. సమయం ఎక్కువ పడుతుంది, కూలిపని మానుకోవాల్సి వస్తుంది, నిజమే. అయినా ఒకసారి కనుక్కోండి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కదా, రోడ్డు, పట్టా, పింఛనుతో పాటు దీన్నీ రాయండి. పుచ్చు నింపడం, రూట్ కెనాల్ వైద్యసేవ జాబితాలో చేర్చమని, ఏరియా ఆసుపత్రుల్లో పళ్ల డాక్టరుతో పాటు కుర్చీ, ఎక్స్‌రే, సామాను కూడా ఇమ్మని రాయండి. మీ ఊరి పేరు, నొప్పితో ఎంత దూరం పోవాల్సి వచ్చిందో, మాత్రలకు ఎంతయిందో, చివరికి ఏం చేయించుకున్నారో అన్నీ అందులో పెట్టండి. రసీదు అడిగి తీసుకోండి.