ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ పొగమంచును ముందే లెక్కకట్టడం ఎందుకంత కష్టం?

[తెర మీద: జనవరి, తెల్లవారుజాము. ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయం. రన్‌వే లైట్లు మసకబారుతున్నాయి.]

శంషాబాద్‌లో ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. మన ఢిల్లీ ఫ్లైట్ మాత్రం కదలదు. అక్కడ పొగమంచు.

భోగి మంట గుర్తు తెచ్చుకోండి. ఆ చలిలో పొగ నిటారుగా పైకి పోదు. కొంత ఎత్తు వెళ్లి, కప్పు తగిలినట్టు ఆగి, అడ్డంగా పరుచుకుంటుంది. రాత్రంతా నేల చల్లబడి, తనను ఆనుకున్న గాలినీ చల్లబరుస్తుంది. పైగాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. బరువైన చల్లగాలి కింద, తేలికైన వెచ్చగాలి పైన. మూత పెట్టినట్టే! దీన్నే ఇన్‌వర్షన్ అంటారు. బళ్ల పొగ, చెత్త కాల్చిన పొగ, విమానాల ఇంజన్ల పొగ, అన్నీ ఆ మూత కిందే.

[యానిమేషన్: ఒక్క కణం. చుట్టూ నీరు చేరుతోంది.]

ఈ కణం 2.5 మైక్రాన్లు కూడా లేదు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. నీటి ఆవిరి బిందువుగా మారాలంటే ఇలాంటి ఆధారం ఒకటి కావాలి. ఉప్పులో ఉండే క్లోరైడ్ ఢిల్లీ గాలిలో ఎక్కువని, ప్లాస్టిక్ చెత్త కాల్చడం దానికొక కారణమని, ఆ కణాలు నీరు పట్టి ఉబ్బుతాయని ఐఐటీ మద్రాస్ శాస్త్రవేత్తల బృందం 2021లో వివరించింది.

కణాలు ఎక్కువైతే బిందువులూ ఎక్కువే, కానీ సన్నవి. అవి త్వరగా కిందికి దిగవు. పొగమంచు ఎండను ఆపుతుంది, నేల వేడెక్కదు, మూత లేవదు, పొగ ఇంకా పేరుకుంటుంది. వాతావరణాన్ని ఒక లెక్కగా, కాలుష్యాన్ని ఇంకో లెక్కగా చేస్తే కుదరనిది ఇందుకే.

[తెర మీద: ఢిల్లీ మ్యాప్, గడులు గడులుగా.]

కంప్యూటర్ మోడల్ గాలిని గడులుగా కోసి, ఒక్కో గడిలో వేడి, తేమ, గాలి వేగం, కణాలు కలిపి లెక్కకడుతుంది. గడి 10 కిలోమీటర్లయితే రన్‌వే కాంక్రీటూ, పక్కనున్న గడ్డి నేలా, కాలనీలూ కలిసి ఒకే సగటైపోతాయి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, ఢిల్లీ కోసం 400 మీటర్ల గడితో మోడల్ తయారుచేసింది. అయినా టెన్షన్ తప్పదు. గాలి తేమతో నిండిపోయిన రాత్రి అర డిగ్రీ తేడా చాలు, పొగమంచు పడుతుందా లేదా అన్నది మారిపోతుంది. అందుకే 2015 శీతాకాలం నుంచి ఇదే ఎయిర్‌పోర్టులో వైఫెక్స్ అనే ప్రయోగం నడిపారు. నేల వేడి దగ్గర నుంచి మంచు బిందువు సైజు దాకా అన్నీ కొలిచి మోడల్‌తో పోల్చి చూశారు.

50 మీటర్లు కనిపిస్తే చాలు, విమానం దిగే ఏర్పాటు ఇక్కడ ఉంది. నా బెంగంతా ఎయిర్‌పోర్ట్ గోడ అవతల, ఆ పొగ పీల్చే మహిపాల్‌పూర్ జనం గురించే. మూత ఎన్నింటికి లేస్తుందో ముందురోజే తెలిస్తే, అక్కడి ఉబ్బసం ఉన్న పెద్దాయన వాకింగ్‌కి పొద్దున ఆరింటికి కాకుండా పదకొండింటికి బయల్దేరతాడు.