బోర్డు చేసేవాళ్లు గిరాకీకి సలహా ఇయ్యాలా? ఎంతవరకు?

(దృశ్యం: నల్లగొండ, దేవరకొండ రోడ్డు. విత్తనాలు, పురుగుమందుల దుకాణం. 10×3 అడుగుల బోర్డు.)

వాయిస్: దేవుడి బొమ్మ, ఓనర్ల ఫోటోలు రెండు, కంపెనీ లోగోలు ఎనిమిది, ఫోన్ నంబర్లు మూడు. దుకాణం పేరుకు మిగిలింది నాలుగంగుళాలు. అడిగింది అడిగినట్టు కొట్టిచ్చినం, మనదేం పోయింది అంటారా? బోర్డు పనిచెయ్యకపోతే రెండో బోర్డుకు ఆయన మన మెట్లెక్కడు. బోర్డు గురించి చెప్పాల్సిందే. వ్యాపారం గురించి మాత్రం ఆచితూచి.

(స్క్రీన్ మీద: అంగుళం అక్షరం – 10 అడుగుల దూరం)

వాయిస్: లైన్‌లో అందరూ వాడే లెక్క ఇది. నాలుగంగుళాల అక్షరం 40 అడుగుల నుంచి హాయిగా చదవొచ్చు. కానీ 40 స్పీడులో బైకు సెకనుకు 36 అడుగులు పోతది. చూపు పడేలోపే దుకాణం దాటిపోతది. పదంగుళాలు పెడితే దాదాపు మూడు సెకన్లు దొరుకుతయి.

తెలుగులో ఇంకో చిక్కు. గుడి, ఒత్తు కలుపుకొని కొలవొద్దు, అసలు అక్షరాన్నే కొలవండి. అవి రెండూ కలిస్తే పదంగుళాల అక్షరానికి వరుస 18 అంగుళాల దాకా లాగుతది. అంటే మూడడుగుల బోర్డులో సగం. ఇక లోగోలకు చోటేదో గిరాకీకే టేపు ఇచ్చి కొలవమనండి.

(దగ్గరగా: రాత్రి, ఎల్‌ఈడీ అక్షరాలు. 'మిత్ర' కింద ఒత్తు వెలగదు.)

వాయిస్: సన్నని ఒత్తులో మాడ్యూల్ (ఎల్ఈడీ లైట్లుండే చిన్న బిళ్ల) పట్టదు. పొద్దున 'మిత్ర', రాత్రి 'మిత'. లావు ఫాంటు తీసుకోండి, ఒత్తును కొంచెం పెంచి కట్ చేయండి.

వాట్సాప్‌లో పంపే నమూనా డిజైన్, అంటే ప్రూఫ్‌ను నమ్మొద్దు, ఫోన్ కంటికి అడుగు దూరంలోనే ఉంటది. పేరును అసలు సైజులో ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసి, షట్టర్‌కు అంటించి, ఆయన్ను రోడ్డు అవతల నిలబెట్టండి. వాదన అక్కడికి సగం తెగుతది.

ఇక వ్యాపారం మాట. మడిగె కిరాయి అగ్రిమెంట్ ఎన్ని నెలలు, గిరాకీ నడిచొస్తదా బండి మీదొస్తదా, ఎక్కువ అమ్ముడుపోయేదేంది – ఈ మూడూ అడగండి. పదకొండు నెలల అగ్రిమెంటే అయితే గోడకు బిగించే ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డు కన్నా, విప్పి తీసుకుపోయే ఫ్రేమ్ మేలని చెప్పండి. జీఎస్టీ ఉంటే నంబర్ బోర్డు మీద ఉండాలె. కంపోజిషన్ స్కీమ్ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) అయితే ఆ మాట కూడా ఉండాలె. ఎట్ల రాయాల్నో వాళ్ల అకౌంటెంట్‌నే అడగమనండి. పేరు మార్చుకో, ఉద్దెర బంద్ చెయ్ అనే ముచ్చట్లు మనకొద్దు. నష్టమొస్తే 'నువ్వే చెప్పినవు కదన్నా' అంటరు.

ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) లెక్కన బిల్లేస్తే, 'పెద్దగ పెట్టు' అనే మన మాట మీద అనుమానం సహజమే. అందుకే డిజైన్ చార్జీ వేరే రాయండి. రెండు మార్పులు అందులోనే, మూడో దానికి ఎక్స్‌ట్రా. పైసలు ముట్టేదాకా కోరెల్ ఫైలు (డిజైన్ అసలు ఫైలు) ఇయ్యొద్దు, ప్రూఫ్ మీద అడ్డంగా మీ పేరేయండి. ఫోన్ నంబర్ ఆయనతోనే బయటికి చదివించి, 'ఓకే' మెసేజ్ తీసుకోండి.

అయినా లోగోలు కావాల్సిందే అంటే షట్టర్ పక్క గోడకు 2×4 ప్యానెల్ వేరే కొటేషన్ ఇయ్యండి.