తీరం కనబడని మొదటి రాత్రి

అందరికీ నమస్కారం.

పడవలో దూరప్రయాణం చేయాలనుకునే కొత్తవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ పడవ కొనాలి, ఎంత పొడవుండాలి అని. ఆ సంగతి ఈరోజు మాట్లాడను. కొనడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. అనుభవమున్న సరంగు పక్కన, ఆయన పడవలోనే, తీరం కనబడని ఒక రాత్రి గడపండి. పగటిపూట నెలల తరబడి నేర్చుకున్నదానిలో మీకు నిజంగా ఎంత వచ్చో ఆ రాత్రి తేలిపోతుంది.

మామూలు తెరచాప పడవ గంటకు 5 నాటికల్ మైళ్లు (నాటికల్ మైలంటే దాదాపు 1.85 కిలోమీటర్లు) నడుస్తుంది, దాన్నే 5 నాట్ల వేగం అంటాం. అంటే రోజుకు 120 మైళ్లు. ఆఫ్రికా పక్కనున్న కానరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులకు దాదాపు 2,700 మైళ్లు. మూడు వారాల పైమాటే. అన్ని రోజులూ రాత్రింబవళ్లు పడవ సాగుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు మేలుకునే ఉండాలి. ఇద్దరే ఉంటే మూడేసి గంటల వంతులు వేసుకుంటారు. 20 నాట్ల వేగంతో ఎదురొచ్చే ఓడ దీపం 8 మైళ్ల దూరంలో కనబడిందనుకోండి. మన 5 కూడా కలిస్తే అది మన దగ్గరికి రావడానికి 20 నిమిషాలు పట్టదు. చిన్న కునుకు తీసేంత సమయం!

గాలి విషయంలో కొత్తవాళ్లకు అర్థం కానిది ఒకటుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. 10 నాట్ల గాలిలో హాయిగా లాగిన తెరచాపే 20 నాట్లలో పడవను పక్కకు వాల్చేస్తుంది. అందుకే తెరచాప కుదించాలేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చినప్పుడే కుదించేయండి. వెలుగు ఉండగానే చేస్తే ఇంకా మంచిది. కాస్త వేగం తగ్గినా, కింద పడుకున్నవాళ్లకు నిద్ర దక్కుతుంది.

ఇక నన్ను ఎప్పుడూ వదలని భయం గురించి చెప్తాను. 5 నాట్లంటే సెకనుకు రెండున్నర మీటర్లు. మనిషి నీళ్లలో పడ్డాడని గమనించడానికి ఒక్క నిమిషం ఆలస్యమైతే పడవ అప్పటికే 150 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. అలల మధ్య తల కొబ్బరికాయంత కనబడుతుంది, చీకట్లో అదీ కనబడదు. దయచేసి వినండి: రాత్రి కాపలాకు వెళ్లేటప్పుడు నడుం పట్టీకున్న తాడును పడవకు తగిలించుకున్నాకే క్యాబిన్ మెట్లు దాటండి. సముద్రం ప్రశాంతంగా ఉన్నా సరే.

నా మొదటి పెద్ద ప్రయాణంలో, సరిగ్గా రేవులోకి తిరుగుతున్నప్పుడు ఇంజిన్ ఆగిపోయింది. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అలల కుదుపుకు పైకి లేచి ఫిల్టర్‌లో అడ్డుపడింది. ఫిల్టర్ మార్చడం, డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయడం నేను చదివాను గానీ చేత్తో ఎప్పుడూ చేయలేదు. అరగంట పట్టింది. అంతసేపూ మా సరంగు ఒట్టి తెరచాపతో పడవను రాళ్లకు దూరంగా పట్టి ఉంచాడు. పడవ రేవులో కట్టేసి ఉన్నప్పుడే ఈ పని మూడు నాలుగు సార్లు చేసి చూడండి.

లంగరు వేసేటప్పుడు ఇప్పుడున్న లోతు ఒక్కటే చూడకండి. నీరు 4 మీటర్లుంది, పోటుకు మరో 3 పెరుగుతుంది, పడవ ముక్కు నీటిమట్టానికి మీటరు ఎత్తులో ఉంది. మొత్తం 8. దానికి కనీసం ఐదు రెట్లు, అంటే 40 మీటర్ల గొలుసు వదలాలి. తాడైతే ఇంకా ఎక్కువ.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున నీళ్లు లెక్కేసి, అదనంగా మరికొన్ని విడి డబ్బాల్లో ఉంచండి. కడుపులో తిప్పే అలవాటుంటే, తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుని లాభం లేదు, బయల్దేరక ముందే వేసుకోవాలి. ఆపదలో వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో ఎలా పిలవాలో పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ రావాలి. సరంగే నీళ్లలో పడితే పిలవాల్సింది మిగతావాళ్లే కదా!

ఇప్పుడు ముందుకు రండి. బల్ల మీద అందరికీ తలో తాడు పెట్టాను. బిగుసుకుపోని ఉచ్చు వేసే బౌలిన్ ముడిని ముందు కళ్లు తెరిచి వేద్దాం. అది చేతికి వచ్చాక దీపాలు ఆర్పేసి వేద్దాం.